హజ్‌మ్యాట్ రుసుము: నింపిన తూటాలకు లేనిది, విడి మందుకూ ప్రైమర్లకూ ఎందుకు?

పెదవాల్తేరు విశ్రాంతుడు అడిగినది:

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో లెక్కల విభాగంలో ముప్పై రెండేళ్లు పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి, ఏ బిల్లు చేతికి వచ్చినా అందులోని ప్రతి పద్దూ ఎక్కడినుంచి వచ్చిందో తేలేదాకా నాకు తోచదు. ఇప్పుడు తేలకుండా ఉన్నది మా అబ్బాయి బిల్లు. వాడు టెక్సస్‌లో స్థిరపడ్డాడు, అక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. వారాంతాల్లో రేంజికి వెళ్లి కాగితపు గురి మీద కాల్చడం వాడి సరదా. కాల్చాక మిగిలిన ఇత్తడి కేసులను ఏరి తెచ్చుకుని, శుభ్రం చేసి, కొత్త ప్రైమరూ (దెబ్బ తగలగానే పేలి లోపలి మందును అంటించే చిన్న మూత) కొత్త తుపాకీ మందూ కొత్త గుండూ పెట్టి మళ్లీ తూటాలు తయారు చేసుకుంటాడు. దీన్ని రీలోడింగ్ అంటారనీ, అక్కడ సొంత వాడకానికి ఇలా చేసుకోవడం మామూలేననీ ఆరు నెలలు వాడి దగ్గర ఉన్నప్పుడే నాకు తెలిసింది.

బిల్లు ఇలా ఉంది. స్మోక్‌లెస్ పౌడర్, అంటే పొగ రాని మందు, ఒక పౌండు డబ్బా 42 డాలర్లు. ప్రైమర్లు వెయ్యి, 80 డాలర్లు. రవాణా 14 డాలర్లు. దాని కింద ‘హజ్‌మ్యాట్ రుసుము’ అని మరో 30 డాలర్లు. అంటే 122 డాలర్ల సరుకు గుమ్మం దాకా రావడానికి 44 డాలర్లు. రవాణా ఖర్చు వేరే వేశాక ఈ 30 దేనికని అడిగితే, ‘ప్రమాదకరమైన సరుకు కదా నాన్నా’ అన్నాడు. అక్కడితో ఊరుకునేవాణ్ణే గానీ, అంతకు ముందు నెలలో అదే దుకాణం నుంచి ఫ్యాక్టరీలో నింపిన తూటాలు 500 తెప్పించిన బిల్లు కూడా నా కంటపడింది. అందులో ఈ రుసుము లేనే లేదు.

నింపిన తూటాలో ఉన్నదీ ఆ మందే, ఆ ప్రైమరే, పైగా గుండు కూడా ఉంది. విడివిడిగా ఉన్నప్పుడు ప్రమాదకరమైన వస్తువులు, కలిపి కాల్చడానికి సిద్ధం చేశాక ప్రమాదం కాకుండా ఎలా పోతాయి? అబ్బాయి ఆఫీసులో ఉన్నప్పుడు పార్శిళ్లు వస్తే నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. ప్రైమర్ల పెట్టె మీద నారింజ రంగు వజ్రాకారపు చీటీలో 1.4 అనీ, దాని కింద ఎస్ అక్షరమూ ఉన్నాయి. మందు పెట్టె మీద తెలుపు, ఎరుపు నిలువు చారల చీటీ ఉంది. నింపిన తూటాల అట్టపెట్టె మీద మాత్రం పైకొనా కిందికొనా నలుపు, నడుమ తెలుపు ఉన్న వజ్రం ఒక్కటే కనిపించింది, అక్షరం ముక్క లేదు.

ఈ రుసుమును బరువును బట్టి వేస్తారా, సంఖ్యను బట్టి వేస్తారా, న్యాయమైన మార్గంలో తగ్గించుకునే వీలుందా అన్నది తెలిసినవారు చెప్పగలరు. మళ్లీ డిసెంబరులో వెళ్తున్నాను. వచ్చేటప్పుడు రెండు ఖాళీ కేసులను బల్ల మీద పెట్టుకోవడానికి తెచ్చుకోవచ్చా అన్నది కూడా చెప్పండి.

ఓడరేవు గుమస్తా ఇచ్చిన జవాబు:

అన్నగారూ, నేను మన విశాఖ ఓడరేవులో కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు దగ్గర పని చేస్తాను. తూటాలు ఎప్పుడూ నా చేతిమీదుగా పోలేదు గానీ రంగు, రెజిన్, యాసిడ్, బ్యాటరీ, అన్నిటికీ కాగితాలు రాశాను. మీరు చూసిన ఆ మూడు వజ్రాల్లోనే మీ ప్రశ్నకు జవాబంతా ఉంది.

ప్రమాదకర సరుకులను ప్రపంచమంతటా తొమ్మిది తరగతులుగా విడగొట్టారు. పేలుడు పదార్థాలు ఒకటో తరగతి. అందులోనూ 1.1 అంటే పెట్టె మొత్తం ఒక్కసారిగా పేలేది, 1.3 అంటే ప్రధానంగా భగ్గున మండేది, 1.4 అంటే చెప్పుకోదగ్గ ప్రమాదం పెట్టె దాటి పెద్దగా రానిది. పక్కన ఉండే అక్షరం ఏ సరుకును ఏ సరుకుతో కలిపి ఉంచవచ్చో చెబుతుంది. ఎస్ అంటే, పొరపాటున అంటుకున్నా దాని ప్రభావం పెట్టెలోనే ఆగిపోయేది, లేదా పక్కనే నిలబడి మంట ఆర్పేవాళ్లకు ఆటంకం కలిగించనంత చిన్నది అని అర్థం. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ తరగతిని వస్తువుకు కాక, వస్తువునూ దాని ప్యాకింగునూ కలిపి పరీక్షించి ఇస్తారు.

ఇప్పుడు నింపిన తూటా సంగతి చూడండి. దాని అంతర్జాతీయ సంఖ్య యూఎన్ 0012, తరగతి 1.4ఎస్. తుపాకీ గొట్టం లోపల తూటాకు నాలుగు వైపులా ఉక్కు గోడ ఉంటుంది కాబట్టి మందు వాయువంతా గుండును ముందుకు తోస్తుంది. అట్టపెట్టెలో ఆ ఆసరా లేదు. మంటల్లో పడితే పల్చని ఇత్తడి కేసు చీలిపోతుంది, గుండు తుపాకీలోంచి వెళ్లే వేగంతో వెళ్లదు. పైగా మందు ఒక్కో కేసులో చిటికెడు చొప్పున వేరువేరుగా బంధించి ఉంటుంది. అందువల్ల అమెరికా రవాణా శాఖ నిబంధనలు, ప్రైమర్లు పొరపాటున అంటుకోకుండా లోపలి పెట్టెల్లో బిగుతుగా అమర్చి, మొత్తం పెట్టె 30 కిలోలు మించకుండా ఉంటే, చిన్న ఆయుధాల తూటాలను ‘పరిమిత పరిమాణం’ కింద పంపనిస్తాయి. మీరు చూసిన నలుపు తెలుపు వజ్రం దాని గుర్తే. పూర్వం దాని స్థానంలో ఓఆర్‌ఎం-డి అని ముద్ర వేసేవారు, 2021 జనవరి నుంచి అది చెల్లదు. ఈ సడలింపు కింద రోడ్డు మీద వెళ్లే సరుకుకు పేలుడు చీటీ అక్కర్లేదు, ప్రమాదకర సరుకు కాగితాల తతంగం కూడా ఉండదు. తతంగం లేదు కాబట్టి రుసుమూ లేదు.

విడి ప్రైమర్లు యూఎన్ 0044. వాటిదీ 1.4ఎస్ తరగతే అయినా వాటికి ఆ సడలింపు ఇవ్వలేదు. ప్రైమరులో ఉండేది దెబ్బకు పేలే రసాయనం. వాటిని వంద గదులున్న ప్లాస్టిక్ పళ్లెంలో, ఒక్కొక్కటీ ఎడంగా పెట్టి అమ్మేది అందుకే. ఆ పళ్లెంలోంచి తీసి వెయ్యింటినీ ఒక గాజు సీసాలో పోశారంటే అవి ఇక 1.4ఎస్ సరుకు కాదు, ఒకటి అంటుకుంటే మిగతావన్నీ దానితోపాటే పోతాయి. మీ అబ్బాయికి ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

ఇక మందు. అసలు తరగతి ప్రకారం స్మోక్‌లెస్ పౌడర్ యూఎన్ 0161, 1.3సి. కానీ చిన్న ఆయుధాల మందును అమెరికా లోపల తిప్పుకోవడానికి, లోపలి డబ్బా 8 పౌండ్లు మించకుండా, ఒక వాహనంలో మొత్తం 100 పౌండ్లు మించకుండా ఉంటే, పరీక్షించి ఆమోదం పొందిన ప్యాకింగులో 4.1 తరగతి, అంటే మండే ఘనపదార్థంగా పంపడానికి ఒక వెసులుబాటు ఉంది. చారల చీటీ దానిదే. అప్పుడు దాని సంఖ్య ఎన్‌ఏ 3178 అవుతుంది. ఎన్‌ఏ అంటే ఉత్తర అమెరికా, కాబట్టి ఈ వెసులుబాటు మన దాకా రాదు. అదే డబ్బా మన దేశానికి ఓడ ఎక్కితే మళ్లీ పేలుడు పదార్థమే.

మీ 30 డాలర్లు ఎటు పోతాయంటారా? ప్యాక్ చేసే మనిషికి మూడేళ్లకోసారి శిక్షణ ఇప్పించి దాని రికార్డు ఉంచాలి. పరీక్షలో నెగ్గిన పెట్టెలే వాడాలి. ప్రతి పార్శిలుకూ ప్రమాదకర సరుకు కాగితం రాసి, దాని నకలు రెండేళ్లు దాచాలి. సరుకు దారిలో ఉన్నంతసేపూ, అర్ధరాత్రయినా, అది ఏమిటో తెలిసిన మనిషి పలికే అత్యవసర ఫోను నంబరు ఆ కాగితం మీద ఉండాలి. రవాణా కంపెనీ తన వంతుగా పెట్టెకింతని అదనంగా వసూలు చేస్తుంది. ఈ పనులన్నీ పౌండుకూ ఒకటే, పది పౌండ్లకూ ఒకటే. అందుకే రుసుము బరువును బట్టి కాక, పెట్టె లెక్కన పడుతుంది. మన దగ్గర కంటైనరు సంగతీ ఇంతే. అందులో సగమే ప్రమాదకర సరుకు ఉన్నా నాలుగు వైపులా 25 సెంటీమీటర్ల ప్లకార్డులు అంటించాల్సిందే, షిప్పింగ్ లైను కంటైనరుకింతని వేసే అదనపు ఛార్జీ కట్టాల్సిందే.

ఆ ఛార్జీ తప్పించుకుందామని చూసిన ఒక ఎగుమతిదారు రెజిన్ పీపాలను మామూలు సరుకు కింద రాయించాడు. యార్డులో మా కుర్రాడు కంటైనరు తలుపు దగ్గరకు వెళ్లి, రబ్బరు అంచు సందులోంచి వస్తున్న ఘాటు వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తెరిస్తే రెండు పీపాల మూతలు వదులుగా ఉన్నాయి. కంటైనరు ఆ ఓడకు షట్ అవుట్ అయింది, అంటే ఎక్కించకుండా ఆపేశారు. కాగితాలు మళ్లీ రాయించి, సరుకు మళ్లీ సర్ది, ఇంకో ఓడకు ఎక్కించేసరికి అతనికి మిగిలిన ఛార్జీకి ఎన్నో రెట్లు చేతినుంచి పడింది. ఇది అదృష్టవంతుడి కథ. 1996 మే 11న ఫ్లోరిడాలో వాల్యూజెట్ 592 విమానం కూలి 110 మంది చనిపోయారు. సరుకు గదిలో ఎక్కించిన ఆక్సిజన్ జనరేటర్లను కాగితాల్లో ‘ఖాళీ’ అని రాశారు, నిజానికి అవి ఖాళీవి కావు. కాబట్టి రుసుము తగ్గించుకునే దారులు వెతకండి గానీ, సరుకు పేరు మార్చి పంపే దారిలోకి మాత్రం మీ అబ్బాయిని వెళ్లనివ్వకండి.

గాజువాక సందేహి ఇచ్చిన జవాబు:

పెద్దలు చాలా వివరంగా రాశారు గానీ, నాకు ఇందులో సగం దుకాణాల దోపిడీయే అనిపిస్తోంది. పండగ అమ్మకాలప్పుడు ‘ఇంత మొత్తం కొంటే హజ్‌మ్యాట్ రుసుము ఉచితం’ అని ఆ దుకాణాలే ప్రకటిస్తాయి. నిజంగా అంత ఖర్చే అయితే ఉచితంగా ఎలా ఇస్తారు?

డాలస్ తెలుగువాడు ఇచ్చిన జవాబు:

సందేహి గారి అనుమానంలో కొంత నిజం ఉంది. రుసుము ఇంత ఉండాలని ప్రభుత్వం నిర్ణయించలేదు. రవాణా కంపెనీ తీసుకునే అదనపు ఛార్జీ మీద దుకాణం తన ప్యాకింగ్ ఖర్చును కలుపుకుంటుంది, ఎంత కలుపుకోవాలన్నది దాని ఇష్టం. పెద్ద ఆర్డరు మీద వచ్చే లాభంలోంచి దాన్ని భరించగలదు కాబట్టి అప్పుడప్పుడు మాఫీ చేస్తుంది. అయితే మాఫీ ప్రకటన చూసి ఎగబడే ముందు, మందు ధరను పక్క దుకాణంతో పోల్చి చూడాలి. రుసుము వదిలేసి డబ్బా మీద ఆరు డాలర్లు పెంచినవాళ్లను నేను చూశాను.

ఇక పెదవాల్తేరు పెద్దాయన లెక్క. పౌండు మందు అంటే 7000 గ్రెయిన్లు. పిస్టలు తూటాకు దాదాపు 5 గ్రెయిన్లు పడుతుందనుకుంటే ఒక పౌండు 1400 తూటాలకు వస్తుంది. ప్రైమర్లు వెయ్యే కాబట్టి మీ 30 డాలర్లు వెయ్యి తూటాల మీద పడి, తూటాకు 3 సెంట్లు అయింది. అదే రుసుముతో నాలుగు పౌండ్ల మందూ 5000 ప్రైమర్లూ తెప్పిస్తే తూటాకు 0.6 సెంటు పడుతుంది. చాలా దుకాణాలు ఒక రుసుము కింద సుమారు 50 పౌండ్ల దాకా పంపుతాయి కాబట్టి, మా రేంజిలో మేం నలుగురైదుగురం ఏడాదికి రెండుసార్లు కలిసి ఆర్డరు పెడతాం. మందూ ప్రైమర్లూ కలిపి ఒకటే రుసుమా, దేనికది వేరా అన్నది దుకాణాన్ని బట్టి మారుతుంది కాబట్టి షరతుల్లో చదివి తీరాలి. ఆర్డరులో ఒక వస్తువు వేరే గోదాములో ఉన్నా, నిల్వలో లేక తర్వాత పంపినా రెండో రుసుము పడుతుంది. నేను ఒకసారి అలా రెండుసార్లు కట్టి, ఆ తర్వాత నిల్వలో ఉన్నవే ఆర్డరు పెట్టడం నేర్చుకున్నాను. ఖాళీ కేసులకూ గుండ్లకూ ఈ రుసుము లేదు కాబట్టి వాటిని ఎక్కడ చౌక అయితే అక్కడ వేరుగా కొనుక్కోవచ్చు. ఊళ్లో దుకాణం ఉంటే పౌండు డబ్బా అక్కడ రెండు మూడు డాలర్లు ఎక్కువైనా అదే లాభం. అమెరికా తపాలా శాఖ వీటిని అసలే తీసుకోదు, ఆ ఆలోచన పెట్టుకోకండి.

ఎక్కువ తెప్పిస్తే మిగిలేది నిల్వ సమస్య. చాలాచోట్ల అగ్నిమాపక నియమాలకు ఆధారమైన ఎన్‌ఎఫ్‌పీఏ 495 (అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం ప్రమాణం) ప్రకారం ఇంట్లో అసలు డబ్బాల్లోనే 20 పౌండ్ల మందు, 10,000 ప్రైమర్లు దాకా ఉంచుకోవచ్చు. 20 దాటి 50 పౌండ్ల దాకా అయితే అంగుళం మందం గోడలున్న చెక్క పెట్టె కావాలి. అపార్టుమెంటు అయితే మీ అబ్బాయి అద్దె ఒప్పందం కూడా చూసుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైన మాట మీరు దారిన పోతూ అనేశారు: పార్శిలు సంతకం పెట్టి మీరే తీసుకున్నానని. మీరు వచ్చింది సందర్శకుల వీసా మీద అయితే దయచేసి ఇకముందు ఆ పని చేయకండి. అమెరికా ఫెడరల్ చట్టంలో ‘అమ్యూనిషన్’ అన్న మాట నింపిన తూటాలకే పరిమితం కాదు. ప్రైమర్లూ, మందూ, గుండ్లూ, చివరకు కేసులు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998 నుంచి నిషేధం ఉంది. అక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవారికి వర్తించే మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, మీకు అది ఉండదు కదా. హెచ్-1బీ మీద ఉన్న మన పిల్లలు చాలామంది రేంజికి సరదాగా వెళ్తూ ఈ సంగతి తెలియకుండానే ఉంటారు, కాబట్టి ఇది చదివేవాళ్లు కూడా ఒకసారి వకీలును అడిగి తెలుసుకోవడం మంచిది. పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ ఈ నిషేధం లేదు. పార్శిలును రవాణా కంపెనీ కేంద్రంలో ఆపించుకుని మీ అబ్బాయి స్వయంగా తెచ్చుకోవచ్చు, కాకపోతే ప్రమాదకర సరుకును అన్ని కేంద్రాలూ ఉంచవు కాబట్టి ముందే కనుక్కోవాలి.

రైఫిల్ క్లబ్బు పాతకాపు ఇచ్చిన జవాబు:

ఖాళీ కేసుల గురించి అడిగారు కదా, తేవద్దు. విమానాశ్రయంలో స్కానరు తెర మీద కేసు ఆకారం కనబడితే బ్యాగు పక్కకు తీస్తారు. అది కాల్చినదా కాదా అన్నది తేలేలోపు మీ విమానం వెళ్లిపోతుంది. బట్టల సంచి మడతలో మరిచిపోయిన ఒక్క తూటా వల్ల పోలీసు కేసుల పాలైన లైసెన్సుదారులు మన దేశంలో ఉన్నారు. రేంజిలో వేసుకున్న జాకెట్టు జేబులు కూడా బయలుదేరే ముందు తిరగేసి దులపండి.

రీలోడింగ్ విషయానికి వస్తే, ఇది చదివి మన ఊళ్లో కూడా చేసుకుందామని కుర్రాళ్లెవరూ అనుకోకుండా ఒక మాట రాస్తున్నాను. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడాన్ని 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షను నిషేధిస్తుంది, తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ అనుమతి వచ్చినట్టు కాదు. మందు విషయంలో 2008 నాటి పేలుడు పదార్థాల నియమాలు కూడా ఉన్నాయి. మా క్లబ్బులో ఎక్కువమంది ఎయిర్ రైఫిలుతోనే సాధన చేస్తారు. దాని పెల్లెట్లలో మందూ ఉండదు, ప్రైమరూ ఉండదు కాబట్టి ఈ గొడవేదీ లేదు. ప్రమాదకర సరుకును చెప్పకుండా తీసుకెళ్లడం ఇక్కడా నేరమే. దీపావళికి బంధువుల ఇంటికి మతాబుల పెట్టె పట్టుకుని రైలెక్కేవాళ్లకు తెలియదు గానీ, 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద దానికి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

పెదవాల్తేరు విశ్రాంతుడు:

సమాధానాలు రాసిన అందరికీ నమస్కారాలు. సంతకం సంగతి చదివాక నిన్న రాత్రి అబ్బాయికి ఫోను చేశాను. వాడికీ తెలియదట. ఇకమీదట పార్శిలు తనే కేంద్రానికి వెళ్లి తెచ్చుకుంటానన్నాడు, గదికి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటానని కూడా అన్నాడు. ఖాళీ కేసుల ఆశ వదులుకున్నాను.

వాడి రేంజిలో ఇంకో ముగ్గురు ఉన్నారు, నలుగురూ కలిసి నాలుగు పౌండ్ల మందూ 5000 ప్రైమర్లూ తెప్పించాలనుకుంటున్నారు. నాలుగు పౌండ్ల డబ్బా ఒకటి తీసుకుంటే, ఒక్కో పౌండు డబ్బాలు నాలుగు కొన్నదాని కంటే తొమ్మిది డాలర్లు తక్కువ పడుతోంది. పెద్ద డబ్బా తీసుకుని ఇంటికి వచ్చాక పంచుకోవచ్చా?

డాలస్ తెలుగువాడు:

పంచుకోకూడదండి. మందును అది వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. ఆ డబ్బా నిప్పు తగిలితే ఒత్తిడి పెరగకముందే విచ్చుకునేలా చేసినది, దాని మీద మందు రకమూ లాటు సంఖ్యా ఉంటాయి. వేరే సీసాలోకి వంపారంటే ఈ రెండు రక్షణలూ పోతాయి, ఆరు నెలల తర్వాత అది ఏ మందో కూడా ఎవరికీ గుర్తుండదు. రంగు చూసి మందును పోల్చుకునే వీలు లేదు. ఒకదాని కొలత ఇంకోదానికి వేస్తే తుపాకీ పగిలిపోవచ్చు. తొమ్మిది డాలర్లు పోతే పోయాయి, పౌండు డబ్బాలే నాలుగు తీసుకోమనండి. ప్రైమర్లతో ఈ ఇబ్బంది లేదు. 5000 పెట్టెలో వెయ్యేసి చొప్పున విడి అట్టపెట్టెలు ఐదు ఉంటాయి, పళ్లేలు కదపకుండానే పంచుకోవచ్చు.